పుల్లటి మంచు

"నిన్న చెప్పిందే ఇవాళా చెబుతాను. రేపు అడిగినా అదే చెబుతాను. చెవులు పనిచెయ్యకపోతే డాక్టరుకి చూపించుకో అమ్మాయ్."

ఊలా సైయెత్స్ నా మొహం చూడకుండా గోడతో మాట్లాడినట్టు అన్నాడు. అరవై దాటిన మనిషి, రెయిన్‌డీర్ల కాపరి. రౌతుకోస్కి పోలీస్ స్టేషన్ వెనక ఉన్న ఒకే ఒక్క సెల్లులో శుక్రవారం నుంచి కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆదివారం. సాయంత్రం నాలుగింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి అతన్ని హత్య కేసులో రొవానియెమి జైలుకి తీసుకుపోతారు. అక్కడికి చేరాక ఆ ముసలాయన మాట వినే నాథుడు ఉండడు. నాకు మిగిలింది ఆ కాసిని గంటలే.

నేను ఐలా కర్పాలాని, రొవానియెమి నేర విభాగంలో ఇన్‌స్పెక్టర్ని. శనివారం రాత్రి ఈ ఊళ్లో దిగాను. దిగిన దగ్గర్నుంచి ఒక్క మనిషి కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు. హోటలావిడ కాఫీ కప్పుని బల్ల మీద విసిరికొట్టినంత పనిచేసింది. గురువారం మధ్యాహ్నం బడి పిల్లల్ని ముందే ఇళ్లకి ఎందుకు పంపించారమ్మా అని అడిగితే "చలి" అంది. చలికి బడి మూసే ఊరా ఇది! సున్నాకి కింద ముప్ఫై డిగ్రీల చలిలో పిల్లలు బయట ఆడుకుంటారిక్కడ.

"పెద్దాయనా, నేను నీ పగదాన్ని కాదు. శవం మీద మంచు ఉందన్నావు. ఎంత ఉంది?"

"అరచెయ్యి మందం. తెల్లగా, మెత్తగా. మొహం మీంచి తుడిస్తే గానీ ఇల్మో అని తెలియలేదు."

"మరి శవాన్ని ఎందుకు కదిలించావు? అక్కడే వదిలి వచ్చి చెప్పి ఉంటే ఆ మంచే నీకు సాక్ష్యం చెప్పేది."

అప్పుడు తిరిగి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కాకులు తిరుగుతున్నాయి. కళ్లు పొడిచాక నీకు ఫోన్ చెయ్యమంటావా? మనిషిని అలా వదిలేసి వస్తారా మీ ఊళ్లో?"

ఇల్మోని స్లెడ్జి మీద పడుకోబెట్టి, తన కోటు కప్పి, కిందికి లాక్కొచ్చాడు. ఆ మంచితనమే అతని మెడకి చుట్టుకుంది.

చనిపోయిన ఇల్మో సర్కెలా ప్రభుత్వం తరఫున కొండ మీది మంచుని తవ్వి, సీసాలకెత్తి, అందులో గంధకం ఎంత ఉందో చూసేవాడు. ఊరి చివర రాగి కరిగించే ఫ్యాక్టరీ ఉంది. కొలిమిలోంచి వచ్చే గంధకం పొగని పట్టి ఉంచే యూనిట్ ఒకటి అందులో నడవాలి. అది ఆగిందంటే పొగ చిమ్నీలోంచి నేరుగా పైకి పోయి, మంచుతో కలిసి కొండల మీద పడుతుంది. నాచు మాడుతుంది, ఆ నాచు మేసే రెయిన్‌డీర్లు ఎండిపోతాయి. పోయినేడు ఇల్మో "అంతా హద్దులోనే ఉంది" అని రాసినందుకు ఊలా అంగడి ముందు అందరూ చూస్తుండగా అతని చెంప పగలగొట్టాడు. ఊరంతా చూసిన ఆ దెబ్బ ఇప్పుడు హత్యకి కారణమై కూర్చుంది. వచ్చే వారమే ఫ్యాక్టరీ లైసెన్సు మీద విచారణ. ఈ మధ్యలో ఇల్మో పోయాడు, అతని మంచు సీసాలూ పోయాయి. సీసాల గురించి అడిగినవాళ్లు మాత్రం లేరు.

"గురువారం రాత్రి ఎక్కడున్నావు?"

"కాపరుల సంఘం మీటింగులో. పదకొండు దాకా అరుచుకున్నాం. అరవై మంది విన్నారు నా గొంతు. తర్వాత అక్కడే బెంచీ మీద పడుకున్నాను. ఆ మాట మీ పోలీసాయన, ఆ కెయినాస్తో, రాసుకోలేదా?"

రాసుకున్నాడు. కానీ ఊరి పోలీసు అధికారి లౌరీ కెయినాస్తోది వేరే లెక్క. హత్య జరిగింది శుక్రవారం పొద్దున, ఊలా కొండెక్కాకే అంటాడు. గడ్డకట్టిన శవాన్ని చూసిన డాక్టరేమో గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం పొద్దుటి దాకా ఎప్పుడైనా కావచ్చు అని చేతులు దులుపుకున్నాడు. ఊలా బతుకు ఆ రెండు మాటల మధ్య వేలాడుతోంది.

* * *

కువోర్పవారా కొండ మీద ఒక చెక్క గుడిసె ఉంది. దానికి తాళం లేదు. దారిన పోయే ఎవరైనా రావచ్చు, పడుకోవచ్చు. ఇల్మో వారానికి మూడు రోజులు అందులోనే ఉండేవాడు. నేను, కెయినాస్తో ఇద్దరం చెరో స్నోమొబైల్ మీద పొద్దున్నే బయల్దేరి రెండు గంటల్లో అక్కడికి చేరాం. నేను బయట ఇల్మో తవ్విన మంచు గొయ్యి, శవం దొరికిన చోటు, ఫొటోలు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఆయన పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల గీస్తున్నాడు.

"ఆర్పండి!"

"ఏంటి?"

"ఆ పుల్ల ఆర్పండి అంటున్నాను."

పుల్ల వేళ్ల దాకా కాలే వరకూ నన్నే చూస్తూ ఉండి, అప్పుడు ఊదాడు. ఆరడుగుల మనిషి, నెరిసిన మీసం. నవ్వు పళ్ల దాకా వచ్చి ఆగిపోతుంది. "కాఫీ కాచుకోడానికి కూడా వారంటు కావాలా మేడమ్? మీ రొవానియెమిలో కొత్త రూలా?"

"ఇది హత్య జరిగిన చోటు. మీరు వచ్చి పొయ్యి వెలిగిస్తున్నారు. పాతికేళ్ల సర్వీసంటారు!"

"హత్య జరిగింది బయట, గొయ్యి దగ్గర. గుడిసె ఏం చేసింది?"

నేను పొయ్యిలోకి వంగి చూశాను. బూడిద శుభ్రంగా ఊడ్చి ఉంది. అడుగున బర్చ్ బెరడు, దాని మీద సన్నటి చీలికలు, ఆ పైన మూడు పొడి కట్టెలు. పక్కనే అగ్గిపెట్టె, వేళ్లు కొంకర్లు పోయినవాడు కూడా లాక్కోగలిగేలా పుల్లల తలలు బయటికి పెట్టి. పొయ్యి మీద గిన్నె, దాని నిండా అదిమి కూరిన మంచు. గుడిసె లోపల బయటంత చలిగానే ఉంది కాబట్టి మంచు రాయిలా బిగిసి, పెట్టినది పెట్టినట్టే ఉంది.

ఈ కొండల్లో పుట్టినవాడికి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. గుడిసె వదిలి వెళ్లేవాడు తర్వాత వచ్చేవాడి కోసం పొయ్యి పేర్చి, గిన్నెలో మంచు నింపి వెళతాడు. రేపు తుఫానులో పడి వచ్చేవాడికి ఒక్క పుల్ల గీస్తే చాలు, ప్రాణం నిలుస్తుంది. అది చెయ్యకుండా వెళ్లినవాణ్ణి ఊళ్లో ఎవరూ బల్ల దగ్గర కూర్చోనివ్వరు.

కానీ అటు మంచం మీద ఇల్మో పడక సంచి పరిచే ఉంది. దిండు కింద పొడి మేజోళ్లు, గూట్లో సగం తిన్న రై రొట్టె. ఆ రాత్రి అక్కడే పడుకోవాలనుకున్న మనిషి సామాను అది.

"ఈ పొయ్యి ఎవరు పేర్చారు?" అన్నాను.

"ఇల్మో పేర్చి ఉంటాడు."

"ఇక్కడే పడుకోబోయేవాడు పొయ్యి వెలిగించుకుంటాడు గానీ ఎవరికోసమో పేర్చి పెడతాడా? మనిషి ఉన్న గుడిసెలో ఎవరూ పేర్చరు. ఇంక లోపల ఎవరూ ఉండరని తెలిసినవాడే పేరుస్తాడు. అంటే ఇల్మో చచ్చాడని తెలిసినవాడు."

కెయినాస్తో మొహం ఒక్క క్షణం రాయిలా అయింది. తర్వాత భుజాలు ఎగరేశాడు. "అయితే ఊలాయే పేర్చాడు. చంపాక అలవాటు కొద్దీ పేర్చాడు. చూశావా, నా కేసుకే బలం చేకూర్చావు. థాంక్యూ."

"ఇందాక ఇల్మో అన్నారు."

"ఇప్పుడు ఊలా అంటున్నాను. ఏం, మాట మార్చుకోకూడదా? చూడమ్మా కర్పాలా, నాలుగు వందల ఇళ్లు బతికే ఊరిది. నువ్వు రెండు రోజులుండి పోతావు. నేను ఇక్కడే చావాలి. తేలిన కేసుని కెలక్కు."

"కెలకడానికే నాకు జీతం ఇస్తున్నారు."

ఆ మాటకి ఆయన ఏదో బూతు గొణిగి బయటికి పోయాడు. నాకు ఒళ్లు మండుతోంది. కానీ బుర్ర మాత్రం గిన్నె దగ్గరే ఆగిపోయింది. మంచు తెల్లగా లేదు. గడ్డని వెలుతురుకి పట్టి చూస్తే బూడిద రంగులో పసుపు జీరలు కనిపించాయి. చిన్న ముక్క గిల్లి నాలుక మీద పెట్టుకున్నాను. పుల్లగా ఉంది. పుల్లదనం వెనక కాల్చిన అగ్గిపుల్ల వాసన గొంతులోకి దిగి దగ్గు తెప్పించింది.

ఇల్మో సంచిలో సీసాలు లేవు గానీ, యాసిడ్ చూసే రంగు కాగితాల పెట్టె మాత్రం గూట్లోనే ఉంది. దాన్ని తీసుకుని, పార పట్టుకుని, ఎవరూ తొక్కని చోట మంచుని నిలువుగా కోశాను. గోడలా నిలిచింది. పైన అరచెయ్యి మందాన తెల్లటి మెత్తటి మంచు. దాని కింద నాలుగు వేళ్ల మందాన మురికి పట్టీ. ఆ కింద పాత గట్టి మంచు. పై మంచు కొంచెం నోట్లో వేసుకుని కరిగించి కాగితం మీద ఉమ్ముదామా అనిపించింది గానీ, మర్యాదగా గుప్పిట్లో కరిగించాను. కాగితం పసుపు రంగు చూపించింది. అడుగు మంచుకీ పసుపే. మధ్య పట్టీకి మాత్రం నెత్తురులా ఎర్రబడింది, అంటే యాసిడ్.

గిన్నెలో మంచుకి కూడా అదే ఎరుపు. గిన్నె పైన, అడుగున, అంచున, నాలుగు చోట్ల చూశాను. ఎక్కడా పసుపు లేదు.

బోర్డర్ గార్డుల వాతావరణ పోస్టు నుంచి వివరాలు నిన్ననే అడిగి పెట్టుకున్నాను. గురువారం సాయంత్రం గాలి ఊరి వైపు నుంచి కొండ మీదికి వీచింది, మంచు పడింది. పదకొండు దాటాక గాలి ఉత్తరానికి తిరిగి, తెల్లవారే దాకా మంచి మంచు కురిసి ఆగిపోయింది. మురికి మంచు పైన ఉన్నది ఆ సాయంత్రం ఆ కాసేపే. శుక్రవారం పొద్దున వచ్చినవాడు గిన్నె నింపితే అందులో తెల్లటి మంచే ఉండాలి. ఎదురుగా మంచి మంచు పెట్టుకుని దాని కింద తవ్వి మురికి మంచు ఎత్తుకునేవాడు ఈ దేశంలో పుట్టలేదు.

అంటే హంతకుడు గురువారం రాత్రి పదకొండు లోపే పొయ్యి పేర్చి పోయాడు. ఆ సమయంలో ఊలా అరవై మంది మధ్య అరుస్తున్నాడు. శవం మీద అరచెయ్యి మందం మంచు ఉందన్న అతని మాట అక్షరాలా నిజం. నాకు సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది.

తలెత్తేసరికి కెయినాస్తో స్నోమొబైల్ మీద కూర్చుని నా చేతిలోని ఎర్ర కాగితం వైపే చూస్తున్నాడు.

"నాకు ఊళ్లో పనుంది," అన్నాడు. "నీ ఆటలు అయ్యాక రా." ఇంజను మోగించి కొండ దిగిపోయాడు.

పోతే పోనీ, పీడా వదిలిందనుకున్నాను. గిన్నెని మూతపెట్టి, గుడ్డలు చుట్టి, జాగ్రత్తగా కట్టుకుని బయల్దేరడానికి నాకు ఇంకో గంట పట్టింది.

* * *

స్టేషన్‌లో నా బల్ల ముందు కలెర్వో ఔత్తి కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీలో కాలుష్యం సంగతులు చూసే ఇంజనీరు. ఒంటి గంటకి రమ్మని పొద్దున్నే కబురు పెట్టాను. ఇల్మోతో కలిసి చదువుకున్నవాడు, కలిసి వేటకి వెళ్లినవాడు. బుధవారం సాయంత్రం ఇతను కొండెక్కడం నలుగురు చూశారు కాబట్టి ఆ సంగతి దాచలేదు. ఆ రాత్రి గుడిసెలో పడుకుని గురువారం పొద్దున్నే దిగి వచ్చానని, అప్పటి నుంచి జ్వరంతో ఇంట్లోనే ఉన్నానని రాసి ఇచ్చాడు.

"త్వరగా కానివ్వండి. ఒంట్లో బాగాలేదు. ఆదివారం పూట మనుషుల్ని పిలిపించడం ఏం పద్ధతో!" అన్నాడు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"పద్ధతుల గురించే మాట్లాడదాం. నేను ఇప్పుడే గుడిసె నుంచి వస్తున్నాను. ఛీ, పందుల దొడ్డి అంతకంటే నయం."

"ఏమన్నారు?"

"పొయ్యి నిండా బూడిద. ఒక్క చీలిక కూడా కొట్టి లేదు. గిన్నె బోర్లించి ఉంది. ఎవడైనా తుఫానులో వచ్చి ఉంటే పొద్దుటికి కట్టె అయ్యేవాడు. మీరేగా ఆఖర్న వచ్చింది? చదువుకున్నవాళ్లు, ఇంజనీర్లు, సిగ్గుగా లేదూ?"

మొహం ఎర్రగా కందింది. జేబురుమాలు కిందికి దిగింది. "నోరు అదుపులో పెట్టుకోండి. నేను ఈ కొండల్లో పుట్టాను. ఆ గుడిసె పైకప్పు మా తాత వేశాడు."

"తాత వేసిన కప్పు కింద మనవడు వదిలిన చెత్త! ఊళ్లో చెబితే ఎంత బావుంటుందో. మీ అమ్మగారు ఇంకా ఉన్నారుగా? ముందు ఆవిడకే చెబుతాను."

"అబద్ధం!" బల్ల మీద గుద్దాడు. "అడుగున బెరడు, పైన చీలికలు, మూడు కట్టెలు. అగ్గిపుల్లల తలలు బయటికి. గిన్నె నిండా మంచు అదిమి పెట్టాను. ఈ చేతులతో! పోయి మళ్లీ చూసుకోండి!"

"ఈ చేతులతోనా?"

"ఈ చేతులతోనే!"

"ఎప్పుడు?"

ఆగాడు. కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా కళ్లలోంచి దిగిపోవడం చూశాను. "గురువారం పొద్దున. బయల్దేరే ముందు. ఇల్మో అప్పటికే గోతుల దగ్గరికి వెళ్లిపోయాడు. గుడిసెలో ఎవరూ లేరు, అందుకని..."

"అందుకని పేర్చారు. బాగానే ఉంది. క్షమించండి, నేను అబద్ధం ఆడాను. పొయ్యి మీరు చెప్పినట్టే ఉంది, అగ్గిపుల్లలతో సహా. మీ తాత మిమ్మల్ని చూసి గర్వపడతాడు."

గుడ్డలు విప్పి గిన్నె అతని ముందు పెట్టాను. గది వెచ్చదనానికి అంచులు కరగడం మొదలైంది. బల్ల మీద మూడు కాగితాలు పరిచాను: పసుపు, ఎరుపు, పసుపు. నాలుగోదాన్ని గిన్నెలో ముంచి తీసి, ఆ ఎర్రటి కాగితం పక్కన పెట్టాను. అతనికి వివరించాల్సిన పనిలేదు. జీవితమంతా అవే కాగితాలు చూసినవాడు.

"ఈ ఎర్ర మంచు ఎప్పుడు పడింది ఔత్తి గారూ?"

"నాకేం తెలుసు?"

"మీకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పొగ పట్టే యూనిట్ గురువారం ఎన్నింటికి ఆపారు?"

"ఆపలేదు. అది ఎప్పుడూ ఆగలేదు."

"అయితే ఈ గంధకం చంద్రుడి మీంచి పడిందా? బడి పిల్లల్ని ఇంటికి తోలింది చంద్రుడికి భయపడా? మధ్యాహ్నం ఆగిన యూనిట్ తాలూకు మంచు సాయంత్రం కొండ మీద పడింది. పదకొండు తర్వాత దాన్ని మంచి మంచు కప్పేసింది. మీరేమో పొద్దున్నే గిన్నె నింపి దిగొచ్చానంటున్నారు. ఇంకా పడని మంచుని గిన్నెలోకి ఎలా ఎత్తారు?"

అతను గిన్నె వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మీరు పొయ్యి పేర్చేసరికి ఇల్మో చచ్చిపోయి ఉన్నాడు. బతికుంటే వెలిగించి ఉండేవాడు. వెనక సెల్లులో ఒక ముసలాయన మీ పాపం మోస్తున్నాడు. నాలుగింటికి తీసుకుపోతారు. మీరు అలా చూస్తూ కూర్చోండి, నాకేం తొందర లేదు."

"చంపాలని వెళ్లలేదు." గిన్నెని పక్కకి నెట్టాడు. "సీసాలు పారబోద్దామని వెళ్లాం. అంతే. బుధవారం రాత్రంతా బతిమాలాను. ఈ ఒక్క వారం ఎక్కడికీ పంపకురా, యూనిట్ నమ్మకంగా లేదు, లైసెన్సు పోతే ఊరు మూతపడుతుందిరా అని. పోయినేడు నీ మాట విని రాసి చెంపదెబ్బ తిన్నాను, ఇంక రాయనన్నాడు. గురువారం అది నిజంగానే ఆగింది. కొత్త మంచు వాడు పట్టుకుంటాడని తెలుసు. సాయంత్రం వెళ్లి గుడిసెలో కూర్చున్నాం. పొగ చూసి జాగ్రత్త పడతాడని పొయ్యి వెలిగించలేదు. తొమ్మిదింటికి వచ్చాడు, సీసాల పెట్టె గుండెలకి హత్తుకుని. ఇవ్వమంటే ఇవ్వలేదు. లాగులాటలో వెనక్కి పడ్డాడు. పొయ్యి ఇనుప మూల..." రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు. "శవాన్ని గొయ్యి దగ్గరికి ఈడ్చుకెళుతుంటే నేను లోపలే ఉన్నాను. ఏం చెయ్యాలో తెలియలేదు. బూడిద ఊడ్చాను. కట్టెలు పేర్చాను. బయటికి పోయి మంచు తెచ్చాను. నా చేతులు వాటంతట అవే చేశాయి."

అతని మీద నాకు జాలి కలగలేదు. కానీ ఒక మాట చెవిలో ముల్లులా ఆగింది.

"వెళ్లాం అంటున్నారు. మీతో ఇంకెవరు? ఈడ్చుకెళ్లింది ఎవరు?"

ఔత్తి చేతులు దించాడు. నా వెనక తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఆయన లేడుగా?" అన్నాడు.

"ఎవరు?"

"లౌరీ. మీ కెయినాస్తో. అన్నదమ్ములూ కొడుకులూ అందరూ ఫ్యాక్టరీలోనే కదా. ఖాళీ ఊరికి పోలీసుగా బతకనన్నాడు. పెట్టె లాగింది ఆయనే."

లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. కొండ మీద ఎర్ర కాగితం వైపు చూసిన ఆ చూపు, ముందే దిగిపోవడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఎంత బుద్ధితక్కువదాన్ని! వచ్చీ రాగానే సెల్లులోకి తొంగి చూడాల్సింది, నా తెలివి చూపించుకోవాలన్న ఆత్రంలో ఇక్కడ కూర్చున్నాను. నడవాలోంచి పరిగెత్తాను. సెల్లు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. ఊలా తోలు టోపీ, చేతి తొడుగులు బెంచీ మీదే ఉన్నాయి. ఈ చలిలో టోపీ లేకుండా మనిషిని బయటికి తీసుకెళ్లినవాడు అతన్ని ఎక్కడికీ చేర్చాలనుకోవడం లేదు.

వాటిని చేత పట్టుకుని వైర్‌లెస్ దగ్గరికి వచ్చి మైకు అందుకున్నాను.

"కెయినాస్తో! ఎక్కడున్నారు?"

బరబర మధ్య ఆయన గొంతు తీరిగ్గా వచ్చింది. "రొవానియెమి దారిలో. నాలుగింటి దాకా ఎందుకులే అని నేనే తీసుకొచ్చాను. నీకు పని తగ్గించాను మేడమ్."

"బండి వెనక్కి తిప్పండి. ఇది ఆర్డరు."

"ముసలాడు దిగాలంటున్నాడు. ఆపుతున్నాను. కాపరులు కదా, అడవి కనిపిస్తే పరిగెత్తుతారు. ఏం చేస్తాం!"

ఔత్తిని కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చి మైకు నోటికి ఆనించాను. "చెప్పు. జిల్లాలో ప్రతి పోలీసు కారూ, బోర్డర్ పోస్టూ వింటాయి. ఇప్పుడు నాకు చెప్పిందంతా చెప్పు!"

"లౌరీ..." ఏడుస్తున్నాడు. "చెప్పేశానురా. ఇల్మోని, పెట్టెని, గొయ్యిని, అంతా చెప్పేశాను. ఇంక అతన్ని చంపినా ఏం మిగలదు. వదిలెయ్‌రా."

కారు తలుపు తెరిచిన చప్పుడు, తర్వాత గాలి. దేవుడా, తుపాకీ చప్పుడు వినిపించకూడదు అనుకున్నాను. ఎప్పుడూ దేవుణ్ణి పిలవని దాన్ని.

"అమ్మాయ్."

ఊలా గొంతు.

"పెద్దాయనా! ఏమైంది? ఎక్కడున్నావు?"

"కార్లోనే. ఒక చెయ్యి బేడీతో తలుపుకి కట్టేసుంది. ఆయన తుపాకీ తీసుకుని చెట్లలోకి నడిచి పోతున్నాడు. ఇంజను ఆపి తాళం పట్టుకుపోయాడు. తలుపు కూడా వెయ్యలేదు."

"ఏ దారి అది?"

"పెద్ద రోడ్డు వదిలి చాలాసేపయింది. సాలియోకి వాగు దాటాక, దుంగల లారీల పాత దారి. చలికాలం ఇటు ఎవరూ రారు."

కిటికీ బయట థర్మామీటరు సున్నాకి కింద ముప్ఫై ఒకటి చూపిస్తోంది. "నేను వస్తున్నాను. ఎంతసేపు ఆగగలవు?"

"ముందు నువ్వు బయల్దేరు. లెక్కలు తర్వాత చూసుకుందాం."

నేను మైకు కింద పెట్టి, కారు తాళాలూ ఊలా టోపీ, తొడుగులూ అందుకుని తలుపు దాకా వెళ్లాను. వెనక నుంచి మళ్లీ అతని గొంతు, ఈసారి చాలా మెల్లగా వినిపించింది.

"ఆగాడమ్మాయ్. చెట్ల మధ్య నిలబడి ఇటే చూస్తున్నాడు."